మగ్గం దిగిన మారక్క

ధర్మవరంలో మారక్క చెయ్యి పడని పట్టుచీర పెళ్లికి పనికిరాదని పేరు. ఆ చెయ్యే ఇప్పుడు గవర్నమెంటుకు పనికిరాలేదు.

కూతురు వాణికి హిందూపురంలో ఇంజనీరింగు సీటొచ్చింది. ఫీజు గవర్నమెంటు కట్టాలంటే తల్లి వార్డు సచివాలయంలో మిషన్ మీద వేలిముద్ర వేయాలి. వేలు వేస్తేనే వేలు వస్తాయన్నమాట! మారక్క బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది. మిషన్ కుయ్యోమంది గానీ ఒప్పుకోలేదు.

"దారం నీ గీతలన్నీ మింగేసిందక్కా," అన్నాడు అక్కడి ఉద్యోగి గణేష్. "శుక్రవారం ఆఖరు. అంతవరకు మగ్గం ఎక్కద్దు, అంట్లు తోమద్దు. కొబ్బరినూనె పూసుకో, గీతలు తేలతాయేమో."

పట్టు విడవని మనిషిని పట్టు విడవమన్నాడు!

"ఫీజు రాకుంటే నేను పోను మా. ఈడనే దారం కండెలు చుట్టుకుంటా ఉంటా," అంది వాణి. ఆ మాటకు మారక్క మగ్గం దిగింది.

వీధంతా ఆమె చేతులకు కాపలా కాసింది. ఎదురింటి సల్మా అంట్లు తోమింది. పక్కింటి యల్లక్క బట్టలుతికింది. చీరలు అమ్మడమే తప్ప నేయడం అంతంతమాత్రమైన మారక్క మొగుడు ఈరన్న మగ్గమెక్కాడు. మారక్క అరుగు మీద కూర్చుని, నూనె రాసిన చేతుల్ని పసిబిడ్డల్లా ఒళ్లో పెట్టుకుంది.

"ఏమక్కా, జమీందారిణి మాదిరి కూచున్నావే!" అన్నాడు జరీ అమ్మే పోతులయ్య. "నేసేటప్పుడు గూడా ఆ ఎడమ చిటికెనవేలు పైకెత్తే పెడతావు. దారం తగిలితే దానికి మైలా?"

"అది పుట్టు సోమరిది లేప్పా, నీ మాదిరి."

గురువారం మధ్యాహ్నం, అందరూ తిని కునుకు తీస్తుండగా, మారక్క మగ్గం వైపు ఊరికే ఓ చూపు వేసింది. ఈరన్న నేసిన నెమలికి మెడ పొట్టిదై, తోక పైకి లేచి, కూయడానికి సిద్ధంగా ఉంది. మనసు ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. దారాలు విప్పి మళ్లీ నేసింది. సాయంత్రానికి నెమలి నిలబడింది, తేలుతున్న వేలిగీతలు పడిపోయాయి.

శుక్రవారం మిషన్ మళ్లీ కుయ్యోమంది. వాణి తల్లి బొటనవేలు తిప్పి చూసింది. గోటి సందున ఎర్ర పట్టుపోగు.

"మగ్గమెక్కినావు గదా మా?"

"పెండ్లికూతురి భుజం మీద కోడి కూచుంటే ఎట్ల చూస్తా ఉండేది మే?"

"నా నెమలిని కోడి అంటావా!" ఈరన్న గొంతు లేచింది. వెంట వచ్చిన పోతులయ్య ముసిముసిగా నవ్వాడు. వాణికి మాత్రం కళ్లు నిండాయి.

మారక్క గబగబా బిడ్డ చెంప తుడవబోయింది. అలవాటుగా ఎడమ చిటికెనవేలు పైకి లేచింది. వాణి ఆ వేలిని గబుక్కున పట్టుకుంది.

"అన్నా, ఈ వేలు పెట్టచ్చునా?"

"ఏ వేలైనా పెట్టచ్చు," గణేష్ నాలుక కరుచుకున్నాడు. "అందరూ బొటనవేలే పెడతాంటే నాకు తట్టనే లేదు చూడు!"

ఏనాడూ దారం తగలని వేలు. గీతలన్నీ కొత్త నోటు మీద గీతల్లా ఉన్నాయి. పెట్టీ పెట్టగానే పచ్చలైటు వెలిగింది. వాణి అక్కడే తల్లిని వాటేసుకుంది. ఈరన్న, కోడి సంగతి మరిచి, గణేష్‌ను వాటేసుకున్నాడు.

మారక్క ఆ వేలిని ఇంకా ఎత్తుగా ఎత్తి పోతులయ్య ముఖం ముందు ఆడించింది.

"సోమరోళ్లకు గూడా ఒక దినం వస్తాది పోతులయ్యా. నువ్వూ కాచుకోనుండు!"