ఎనభై రెండు గెలిచిన రోజు

ఐన్ బహర్‌లో పిల్లనిచ్చేముందు కూడా ఒక సంగతి కనుక్కుంటారు. అబ్బాయి ఎనభై రెండా, ఎనభై ఆరా? అడిగేది పుట్టిన సంవత్సరం కాదు. ఊరి ఫుట్‌బాల్ జట్టు షబాబ్ అల్జీరియా అంతటికీ ఛాంపియన్ అయింది రెండేసార్లు, ఆ రెండేళ్లలోనే. ఆ రెండు జట్లలో ఏది గొప్పదన్నది నలభై ఏళ్లయినా తేలలేదు. ఇప్పుడు షబాబ్ ఏ మూల లీగులో తన్నులు తింటోందో ఊళ్లో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్లు సిగ్గుపడి చెప్పరు. అందుకే అందరూ ఆ పాత రెండేళ్లనే పట్టుకుని వేలాడుతుంటారు.

రేవు పక్కన మెనౌవర్ కాఫీ కొట్లో తలుపుకి కుడివైపు బల్లలు ఎనభై రెండువాళ్లవి, ఎడమవైపువి ఎనభై ఆరువాళ్లవి. శుక్రవారం నమాజు ముగిసి, ఇళ్లల్లో కుస్‌కుస్ తిన్నాక అక్కడ చేరి వాదం మొదలుపెడతారు. ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు. ఎనభై ఆరు జట్టుకి ప్రభుత్వ కంపెనీ డబ్బుంది, పచ్చగడ్డి మైదానముంది, అన్నిటికీ మించి టీవీ ఉంది. ఆ గోల్స్ అన్నీ ఇవాళ్టికీ ఫోన్లో చూసుకోవచ్చు. ఎనభై రెండు జట్టులో అందరూ ఊరి కుర్రాళ్లే, చేపల ఫ్యాక్టరీలో డబ్బాలు మోస్తూ ఆడినవాళ్లే. కప్పు తెచ్చిన ఆఖరి మ్యాచ్ దూరపు ఊళ్లో జోరువానలో జరిగింది. టీవీవాళ్ల బండి బురదలో దిగబడి అక్కడికి చేరనే లేదు. ఆ మ్యాచ్‌కి సాక్ష్యమల్లా ఇక్కడినుంచి రెండు బస్సుల్లో వెళ్లినవాళ్లే. ఆ బస్సులవాళ్లు ఒక్కొక్కరే కొండమీది స్మశానానికి చేరుకున్నారు. కుడివైపు బల్లల దగ్గర ఇప్పుడు మిగిలింది లఖ్దర్ ఒక్కడే. ఎనభై రెండు బతికుందంటే అతని నోటివల్లే.

కష్టం వచ్చి ఆ నోటిమీదే పడింది. గొంతులో పుండు లేచింది. ఆదివారం ఆపరేషన్. ప్రాణం దక్కవచ్చు, మాట మాత్రం దక్కదని డాక్టరు ముందే చెప్పేశాడు. అంటే ఈ శుక్రవారమే లఖ్దర్‌కి ఆఖరి వాదం. ఆ ఆఖరి మ్యాచ్‌లో కప్పు తెచ్చిన గోల్ కథ మొత్తం ఒక్కసారి చెప్పి, ఎడమవైపు బల్లల జుబీర్‌తో కడుపునిండా పోట్లాడాలన్నది అతని కోరిక. గెలవాలని కాదు. జుబీర్ కాదన్నంతకాలం ఆ గోల్ బతికుంటుంది. తాను మూగవాడయ్యాక కూడా జుబీర్ దాన్ని తిట్టిపోస్తూ ఉంటే చాలు.

రేవులో క్రేను నడిపి రిటైరైన జుబీర్ ఎడమవైపు పెద్ద. తమాషా ఏమిటంటే అతనూ ఆ బస్సులో వెళ్లినవాడే. మ్యాచ్ చూసి తిరిగొస్తూ బస్సులోనే అది ఆఫ్‌సైడ్, చెల్లని గోల్ అన్నాడు. లఖ్దర్ అతని కాలర్ పట్టుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఒక్క శుక్రవారం గడపలేదు.

ఆ కొట్లో ఇంకో ఆచారం ఉంది. వాళ్లలో ఎవరైనా పోతే, నలభయ్యో రోజున వాదం పెట్టుకోరు. ఎదుటి వైపు పెద్ద లేచి, పోయినవాడు చెప్పిందే నిజమని ఒప్పుకుని, తన కాఫీ కప్పు బల్లమీద బోర్లిస్తాడు. ఆ ఒక్కరోజూ పోయినవాడి జట్టే గెలిచినట్టు. కుడివైపువాళ్లు ఇంతమంది పోయారు కదా, జుబీర్ చేతికి కప్పు బోర్లించడం అలవాటైపోయింది.

ఆ రోజు లఖ్దర్ గుమ్మంలోకి రాగానే ఎడమవైపువాళ్లంతా లేచి నిలబడ్డారు. అతనికది నచ్చలేదు. సిగరెట్లు ఆర్పేశారు. అది ఇంకా నచ్చలేదు. మెనౌవర్ అడక్కుండానే నారింజపూల నీళ్లు కలిపిన కాఫీ తెచ్చి పెట్టాడు. ఎప్పుడూ పిలిచి పిలిచి గొంతు పోయేదాకా పలకని మనిషి.

లఖ్దర్ మొదలుపెట్టాడు. గొంతు బొంగురుగా, గరగరలాడుతూ వచ్చింది. వాన గురించి చెప్పాడు, బూట్లకి తాడు కట్టుకుని ఆడిన గోల్‌కీపర్ గురించి చెప్పాడు. మధ్యలో ఆగి నీళ్లు తాగితే ఎవరూ ఎగతాళి చేయలేదు. ఎనభై ఆరు జట్టుని అద్దె గుర్రాల మంద అన్నాడు. ఆ మాటకి ఎడమవైపునుంచి ఎప్పుడూ బూతులు లేచేవి. ఈసారి అందరూ తలలూపారు. అతను ఇంకాస్త గట్టిగా, ఆఖరి నిమిషాల దగ్గరికొచ్చాడు. వెనకనుంచి పొడుగ్గా బంతి వచ్చింది. ముందువరస ఆటగాడు బూజిద్ ఒక్కడే పరిగెత్తాడు. బురదలో పడి, పడినచోటునుంచే తలతో కొట్టాడు.

ఇక్కడ లఖ్దర్ ఆగాడు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఆగుతాడు, ఎందుకంటే ఇక్కడే జుబీర్ బల్ల గుద్ది ఆఫ్‌సైడ్ అని అరుస్తాడు.

జుబీర్ అరవలేదు. తన కప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి మెల్లగా అన్నాడు: "మంచి గోల్ రా అది. నువ్వన్నదే నిజం. ఎనభై రెండే గొప్ప జట్టు."

అంటూనే కప్పు బోర్లించాడు.

కావాలని చేసింది కాదు. ఆ మాట వెంట చెయ్యి తనంతట తానే తిరిగింది. మెనౌవర్ పొయ్యి దగ్గరే నిలబడిపోయాడు. కప్పులోంచి కాఫీ కారి బల్ల అంచుకి పాకేదాకా జుబీర్‌కి తానేం చేశాడో తెలియలేదు. తెలిశాక ముఖం పాలిపోయింది.

లఖ్దర్ లేచి వెళ్లి ఆ కప్పుని సరిగ్గా నిలబెట్టాడు. తన కప్పులోని కాఫీ అందులో పోశాడు. సగం సాసర్లో పడింది.

"తిట్టరా," అన్నాడు. "ఇన్నేళ్లూ తిట్టినవాడివి, ఇవాళ నోరు పడిపోయిందా?"

"నీతో ఎలా పోట్లాడన్రా, లఖ్దర్?"

"ఎప్పట్లాగే. ఆఫ్‌సైడ్ అను. అబద్ధాలకోరు అను."

జుబీర్ తల అడ్డంగా ఊపాడు. లఖ్దర్ చుట్టూ చూశాడు. అందరి కళ్లలోనూ జాలి. ఒక్కడి కళ్లలోనైనా కాస్త కోపం ఉంటే బాగుండేదనిపించింది. అతనిక తట్టుకోలేకపోయాడు. అతని నోట ఎన్నడూ రాని మాట వచ్చింది.

"ఆఫ్‌సైడే. బూజిద్ రెండడుగులు ముందున్నాడు. గోల్ వెనకే నిలబడి చూశాను. మేం దొంగ కప్పు తెచ్చుకున్నాం. ఎనభై ఆరే గొప్ప. ఇప్పుడేమంటావు?"

"కాదురా," అన్నాడు జుబీర్. అతని గడ్డం తడిసిపోయింది. "నేనూ చూశానుగా. లైను మీదే ఉన్నాడు. నిన్ను ఉడికించడానికే ఇన్నాళ్లూ అన్నాను."

కొడుకులు పుట్టినప్పుడు కూడా లఖ్దర్ ఈ మాట కోసం ఎదురుచూసినంతగా ఎదురుచూడలేదు. ఇప్పుడు వినగానే ఒళ్లు చల్లబడింది. ఆ గోల్‌ని కాదనేవాడు ఇక ఊళ్లో ఎవరూ లేరు. కాదనేవాడు లేనిదాన్ని ఏ శుక్రవారం ఎవరు తలుచుకుంటారు? ఇంకేదో అనబోయాడు. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. కోటు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య వర్దియా ఆసుపత్రికి సంచి సర్దుతోంది. పెళ్లయిననాటినుంచీ ప్రతి శుక్రవారం అతను రాగానే ఎవరు గెలిచారని అడుగుతుంది. ఇంకా తేలలేదంటాడతను. మీ ఇద్దరిలో ఒకరు పోతేగానీ తేలదులెండి అని ఆమె నవ్వుతుంది. ఇవాళ అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించింది. అడక్కపోతే తాను భయపడుతోందని అతనికి అనుమానం వస్తుందని అడిగింది.

"ఎవరు గెలిచారు?"

లఖ్దర్ బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా, ఉన్న గొంతంతా కూడదీసుకుని చెప్పాడు.

"మేమే."

వర్దియా ఆ కొట్టుకి ఎన్నో నలభయ్యో రోజులకి కుస్‌కుస్ వండి పంపిన మనిషి. ఆ కొట్లో గెలుపు ఎవరికి ఒప్పుకుంటారో ఆమెకి తెలుసు. సంచిలో మడిచి పెట్టిన చొక్కాని మళ్లీ బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.