పాల కేంద్రంలో ‘ఏవండీ’

నా కొడుకు ముత్తన్నకు యాభై మూడో ఏడు నడుస్తుండగా కుళ్లు పుట్టింది. మొదట మనిషి మీద కాదు, ఒక మాట మీద. ఆ మాట ‘ఏవండీ’.

బోధన్ దగ్గర మా చెరుకు తోటను ఆనుకునే ఉమామహేష్ పొలం. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూమి కొన్నాడు. మూడు తరాలైనా ఆ ఇంటివాళ్ల నోటి నుంచి ‘అండి’ పోలేదు. ఊళ్లో పాలు పోయించుకునే కేంద్రం ఆయనదే. నా కోడలు పుష్పలత రెండు పూటలా మా బర్రె పాలు అక్కడే పోస్తుంది. పదేళ్లు పోస్తే మాట అంటుకోదా? “ఏవండీ, నా క్యాను చూడండి” అనడం అలవాటైంది. ఇంట్లో మొగుణ్ణి మాత్రం “ఇగో”, “ఏందయ్యా” అంటుంది. మా వైపు ‘ఏవండీ’ అంటే సినిమాలో పెళ్లాం మొగుణ్ణి పిలిచే పిలుపు. ఇంకెవరినీ అనం.

పదేళ్లుగా చెవిన పడుతున్నా పట్టించుకోని మాట ఈ ఏడు ముత్తన్నకు గుచ్చుకుంది. ఎందుకంటే మనిషే మారాడు. చెరుకు బండి మీద నిలబడి పాడుకుంటూ వచ్చేవాడు, తిని పడుకుంటే లేవడం లేదు. చారు చల్లారిందని గిన్నె విసిరాడు. ఆ సాయంత్రమే దూడ పాలు తాగలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పొట్ట పెరిగింది, చేతులు సన్నబడ్డాయి. మంచం వసారాలోకి మార్చుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు, కోడలు చెప్పలేదు. ముట్లుడిగే వయసులో ఆడదాని ఒళ్లూ మనసూ ఎట్లా తిరగబడతాయో నాకు తెలుసు, నేను పడ్డదే. మగవాడికీ అలాంటిదేదో ఉంటుందని నాకెవరు చెప్పారు?

ఉమామహేష్‌కు యాభై ఐదు. పొద్దున్నే బూట్లు వేసుకుని కాలువ గట్టు మీద పరుగెత్తుతాడు. ముత్తన్న గోడ మీంచి అదే చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు జుట్టుకు నల్ల రంగు వేసుకుని చెవుల దాకా దద్దుర్లు తెచ్చుకున్నాడు.

“పాలు పోసి రానీకి గింత సేపా?” అని కోడల్ని నిలదీశాడు.

“లైన్ల ఇరవై మంది ఉన్నరు.”

“ఇరవై మందిని ఏవండీ అనుకుంట వచ్చినవా?”

“నీకేమైందయ్యా? గా మనిషి నాకు అన్నసొంటోడు.”

“అన్నను ఏవండీ అంటరా ఎవలన్న?”

కోడలు నవ్వింది. ఆ నవ్వే తప్పయింది. మర్నాడు పొద్దున వాడు కేంద్రానికి వెనకాలే పోయాడు. పుష్పలత “ఏవండీ” అందో లేదో, క్యాను కాలితో తన్నాడు.

“వాడు నీకు ఏవండీ అయితే నేనేమైత?”

ఊరంతా చూస్తుండగా ఆరు లీటర్ల పాలు మట్టిలో కలిశాయి. పుష్పలత ఖాళీ క్యాను కడిగి ఇంటికి తెచ్చింది. తెచ్చి, బట్టలు సంచిలో సర్దింది.

“అత్తా, ముప్పై ఏండ్లు చేసిన సంసారం. ఐతారం దాక ఆగుత. ఆయనంతట ఆయన నాతోటి మంచిగ మాట్లాడితే ఉంట. లేకుంటే ఏర్గట్లకు మా అన్న ఇంటికి పోత. మల్ల రాను.”

ఆ పిల్ల అన్నదంటే చేస్తుంది.

నిజామాబాద్‌లో నర్సు చదువుతున్న నా మనవరాలు హర్షిణికి ఫోన్ చేసి అంతా చెప్పాను. “బాపమ్మా, బాపుకు రక్తం పరీక్ష చేయిద్దం. మగోళ్లకు గూడ ఒక హార్మోన్ ఉంటది. వయసు మీద పడుతుంటే కొందరికి బాగ తగ్గుతది” అన్నది.

కూతురి మాట తీసెయ్యలేక ముత్తన్న ఒప్పుకుంటే, శుక్రవారం తొలి బస్సుకు పరిగడుపున నిజామాబాద్ బయలుదేరాం. పెళ్లాంతో రానన్నాడు, నన్ను తీసుకెళ్లాడు. ల్యాబులో రక్తం తీసే పిల్లది రాజమండ్రి అట. “ఏవండీ, చెయ్యి చాపండి” అంది. ముత్తన్న ఉలిక్కిపడి నా వైపు చూశాడు. ఆ పిల్ల పక్క బెంచీ మీది ముసలాయన్ని “ఏవండీ, మీరు రండి” అని పిలిచింది. నేల ఊడుస్తున్న ఆడమనిషిని “ఏవండీ, ఇక్కడ కాస్త తుడవండి” అంది.

“అవ్వా, గీమె ఊడ్చేటామెను గూడ గట్లనే అంటుంది!”

“ఇన్నవుగద, బిడ్డా.”

వాడి ముఖం ఎర్రబడింది.

సాయంత్రం డాక్టరు కాగితం చూసి, ఆ హార్మోన్ తక్కువే ఉందన్నాడు.

“మగతనం పోయినట్టేనా సార్?” నేల చూస్తూ అడిగాడు ముత్తన్న.

“పోలేదు, తగ్గింది. ఇంకోరోజు పొద్దున మళ్లీ పరీక్ష చేసి మందు సంగతి చూద్దాం. నీరసం, చిరాకు, ఊరికే ఏడుపు దీనివల్ల కావచ్చు. ముందు పొట్ట తగ్గాలి, రోజూ నడవాలి. కానీ మీ అమ్మగారు చెప్పిన ఆ అనుమానం ఉందే, దానికి నేను మందు రాయలేను.”

శనివారమంతా వాడు పెరట్లోకీ వాకిట్లోకీ తిరిగాడు. ఐతారం పొద్దున పుష్పలత సంచి గడప దగ్గర పెట్టి, చివరిసారిగా పొయ్యి మీద చాయ్ పెట్టింది. ముత్తన్న వంటింటి ముందు వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఏవండీ...”

కోడలు తిరగలేదు. “ఎవలను పిలుస్తున్నవ్?”

“నిన్నే. పుష్పలత గారూ, నేను చేసింది తప్పండి. నాగ్గూడ ఓ చాయ్ ఇస్తరా?”

పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. చాయ్ పొంగి పొయ్యంతా పాడైంది. “మల్లొక్కసారి అను” అంది. వాడు అన్నాడు.

“రేపటి సంది పాలు నేనే పోసొస్త” అని కూడా అన్నాడు.

“ఇంక అనుమానమేనా?”

“డాక్టరే నడువుమన్నడే!” అని, ఒక గుక్క తాగి, “జరంత అనుమానం గూడ ఉన్నదనుకో” అన్నాడు. “గాయినకు తప్పయిందని చెప్పాలె గద.”

ఆమె సంచి లోపలికి తీసుకుపోయింది.

నేను వసారాలో కూర్చొని అంతా విన్నాను. సంతోషమే, కానీ దాచుకోవడమెందుకు, కోడలి మీద నాకు కుళ్లు పుట్టింది. మా ముసలాయన పోయేదాకా నలభై ఏళ్లు నన్ను “ఏయ్” అనే పిలిచాడు.