రెండు కార్లు, ఒక లీటరు

ఇక డయాలసిస్‌కు రానని ప్రేమమ్మ చెప్పింది మే నెల మొదటి శుక్రవారం, కర్నూలు నుంచి తిరిగొస్తూ పాణ్యం దాటాక, రోడ్డు పక్కన రెండోసారి కక్కుకున్న తర్వాత. కొంగుతో మూతి తుడుచుకుని, వచ్చి కారులో కూర్చుని, తలుపు గట్టిగా వేసుకుని మరీ చెప్పింది.

శామ్ బండి కదిలించాడు. కోయిలకుంట్లలో పదహారేళ్ళుగా టాక్సీ తోలుతున్నాడు. అలసిపోయిన మనిషితో దారిలో వాదన పెట్టుకోకూడదని అతనికి తెలుసు. ఆ మనిషి సొంత తల్లి అయితే అసలే పెట్టుకోకూడదు.

ఆమె కిడ్నీలు పనిచేయడం మానేసి ఐదు నెలలైంది. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి కర్నూలు తీసుకుపోవాలి. పోవడానికి వంద కిలోమీటర్లు, రావడానికి వంద, మధ్యలో నాలుగు గంటలు మంచం మీద. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడే వాంతులు. రెండుసార్లు మానితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని, ఆ తర్వాత తమ చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. ఆ మాట ప్రేమమ్మ కూడా వింది. విని కూడా రానంటోంది.

శామ్‌కు దోషి ఎవరో తెలుసు. తన డీజిల్ బండి. నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఆగి ఉన్నప్పుడు కూడా సీట్లు వణుకుతాయి. ఎలాగూ మార్చాలనుకుంటున్నాడు. ఎలక్ట్రిక్ కారా, హైబ్రిడ్ కారా అన్న దగ్గర మూడు నెలలుగా ఆగిపోయాడు. ఎలక్ట్రిక్ అయితే కిలోమీటరుకు ఖర్చు తక్కువ, కానీ చార్జింగు కోసం ఆగాలి. హైబ్రిడ్ అయితే బ్యాటరీ, ఇంజను రెండూ ఉంటాయి, ఎక్కడా ఆగక్కర్లేదు, కానీ పెట్రోలు తాగుతుంది. ఇప్పుడు మూడో లెక్క వచ్చి చేరింది. అమ్మ కడుపు ఏ కారులో కుదురుగా ఉంటుంది?

ఇంటికి చేరాక ఆమె ముందు ఒక బేరం పెట్టాడు. ఇంకో రెండుసార్లు రావాలి. మంగళవారం ఒక కారు, శుక్రవారం ఇంకో కారు. ఏ కారులో వాంతి కాకపోతే దాన్నే కొంటాడు. రెంటిలోనూ అయితే ఇక అడగడు.

"రెండే" అంది ప్రేమమ్మ.

"రెండే మా."

షోరూముల వాళ్ళు ఊరికే ఒప్పుకోలేదు. టెస్ట్ డ్రైవ్ అంటే ఊరి చుట్టూ పది కిలోమీటర్లేనన్నారు. మీరు చూపించే నున్నటి రోడ్డు మీద ఏ కారైనా బాగానే పోతుందని, నా రోడ్డు మీద నా మనిషిని ఎక్కించుకునే చూస్తానని శామ్ పట్టుబట్టాడు. ఆధార్ కార్డు నకలు, డ్రైవింగ్ లైసెన్సు నకలు పెట్టుకుని, రెండు షోరూములూ చెరొక రోజు ఇచ్చాయి.

మంగళవారం హైబ్రిడ్. నెమ్మదిగా, మెత్తగా కదిలింది. బనగానపల్లె వరకు ప్రేమమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎత్తు వచ్చినప్పుడల్లా ఇంజను తనంతట తాను లేచేది, మళ్ళీ నిద్రపోయేది. వచ్చేటప్పుడు ఓర్వకల్లు దాటాక ఆపమని సైగ చేసింది. వాంతి అయిపోయింది.

ఆ లేచే ఇంజనే కారణమై ఉంటుందని శామ్ అనుకున్నాడు. ఎలక్ట్రిక్ కారులో అది కూడా ఉండదు. అతని ఆశంతా శుక్రవారం మీదకు మారింది.

గురువారం సాయంత్రం ఎలక్ట్రిక్ కారు వచ్చింది. షోరూమువాళ్ళు దాన్ని సగం కంటే తక్కువ చార్జింగుతో ఇచ్చారు. శామ్ వసారాలోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టి, పచ్చ దీపం వెలగడం చూసి లోపలికి పోయాడు. తెల్లవారి ఆరింటికి వచ్చి చూస్తే నలభై రెండు శాతం. రాత్రంతా ఒక్క గీత కూడా ఎక్కలేదు.

పక్క పొలం దేవేంద్రప్ప పళ్ళు తోముకుంటూ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"మా మోటార్లు లేస్తే నీ కారు పండుకునిందేమప్పా" అన్నాడు.

సంగతి అదే. శామ్ ఇల్లు ఊరి చివర, పొలాల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది. పొలాలకిచ్చే త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ప్రతి రైతూ మోటారుకు ఆటోస్టార్టర్ పెట్టుకున్నాడు. కరెంటు రాగానే ముప్పై బోర్లు ఒక్కసారిగా లేస్తాయి. వోల్టేజి పడిపోతుంది. కారు దాన్ని చూసి చార్జింగు ఆపేసుకుంది. మళ్ళీ మొదలుపెట్టమని చెప్పేవాడు లేక అలాగే నిలబడింది.

తొమ్మిదింటికల్లా కర్నూలులో ఉండాలి. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. దారిలో చార్జింగు స్టేషను ఉంది, కానీ అక్కడ నలభై నిమిషాలు పోతాయి. డీజిల్ బండి తీయొచ్చు, అప్పుడు బేరం చెడుతుంది. ఏసీ వేయకపోతే నలభై రెండు శాతంతో చేరొచ్చని శామ్ లెక్క వేశాడు. తల్లిని ఎక్కించుకుని బయల్దేరాడు.

బనగానపల్లెలో ముప్పై నాలుగు. పాణ్యం దగ్గర ఇరవై మూడు. హైవే ఎక్కాక లారీల వెనక డెబ్బై దాటకుండా పోయాడు. కిటికీలు కూడా రెండు వేళ్ళ సందు మాత్రమే దించాడు, గాలికి బండి బరువెక్కుతుందని. ఎనిమిది కూడా కాలేదు, లోపల పెనం మీద కూర్చున్నట్టుంది. అద్దంలో తల్లి ముఖం చెమటతో తడిసిపోయింది. కారు ఏ చప్పుడూ చేయలేదు.

ఆ నిశ్శబ్దంలో శామ్‌కు ఒక చప్పుడు వినిపించింది. గుటక. తర్వాత ఇంకోటి. ఆగకుండా ఐదారు.

ఐదు నెలలు వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పాడు. డీజిల్ ఇంజను మోతలో ఆ చప్పుడు ఒక్కసారి కూడా చెవిన పడలేదు.

"ఏం తాగుతాండావు మా?"

"మజ్జిగ."

"డాక్టరు రోజుకు లీటరే అన్న్యాడు గదా."

"లీటరు నీళ్ళన్న్యాడు. నీళ్ళ సీసా ఈడ్నే ఉండాది, సగం గూడా కాలే. ఇది నీళ్ళెట్లయితాదిరా? మజ్జిగ గదా."

శామ్ బండిని ఎడమ పక్కకు తీశాడు, కానీ ఆపలేదు. మనసులో ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పోయాడు. అతని భార్య స్తుతి రోజూ పొద్దున లీటరు సీసా నింపి అత్త పక్కన పెడుతుంది. ఆ సీసా దాటి ఆమె ఒక్క గుక్క కూడా తాగదు. కానీ పొద్దున్నే బలానికని స్తుతి పెద్ద గ్లాసు రాగి అంబలి ఇస్తుంది. పదింటికి టీ, సాయంత్రం టీ. మధ్యాహ్నం మజ్జిగ. ఎండలకు తట్టుకుంటుందని రాత్రి ఇంకోసారి మజ్జిగ. పెరుగు ప్యాకెట్లు తెచ్చేది తనే. సీసాకు బయట ఇంకో లీటరున్నర. ఇంట్లో ముగ్గురికీ అది నీళ్ళని తట్టలేదు.

"పోయినప్పుడల్లా తూకం చూసే ఆ పాప నన్ను దొంగను చూసినట్ల చూస్తాది" అంది ప్రేమమ్మ, అడగకుండానే. "నాలుగు కేజీలు ఎక్కినావు, ఎన్ని నీళ్ళు తాగినావో నిజం చెప్పవ్వా అంటాది. నేను అబద్ధమాడేదాన్నా శామూ? ఇన్నేండ్లలో ఎవరన్నా నన్ను ఆ మాటన్న్యారా? అందుకే రానంటి. కక్కుకునేదానికి గాదు."

శామ్ రోడ్డు చూస్తూనే, ఆ పాపతో తాను మాట్లాడతానన్నాడు. మీటరు మీద తొమ్మిది శాతం ఉంది.

ఎనిమిది యాభై ఆరుకు ఆస్పత్రి ముందు ఆగారు. ఐదు శాతం. డయాలసిస్ గదిలో టెక్నీషియన్ పద్మప్రియ బరువు చూసి, ఎప్పటిలాగే నాలుగు కేజీలని చెప్పి, ఎప్పటి ప్రశ్నే మొదలుపెట్టబోయింది. శామ్ ఆపి, మజ్జిగ సీసా చూపించి, రోజు మొత్తంలో ఆమె తాగేవన్నీ అప్పజెప్పాడు. ఆమె పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసింది. నీళ్ళలా పారేది ఏదైనా నీళ్ళ లెక్కేనని చెప్పింది. నాలుగు కేజీల నీటిని నాలుగు గంటల్లో లాగితే బీపీ పడిపోతుందని, వాంతులు అందుకేనని, కారు మీద తప్పు వేయొద్దని కూడా చెప్పింది. ఐదు నెలలుగా తాను నీళ్ళు అనే అడిగానని ఒప్పుకుంది.

ఆ రోజు కూడా నాలుగు కేజీలు లాగక తప్పలేదు. శామ్ ఆలోపు కారును ఊళ్ళో చార్జింగుకు పెట్టి వచ్చాడు. వచ్చేటప్పుడు ఏసీ చల్లగా ఉంది, కారు ఇసుమంత కూడా వణకలేదు, అయినా పాణ్యం దగ్గర ప్రేమమ్మ వాంతి చేసుకుంది. శామ్‌కు బాధ కలగలేదు. కారు నిర్దోషి అని తేలింది.

బేరం ప్రకారం ఆమె రానక్కర్లేదు. శామ్ అడగలేదు కూడా. స్తుతికి మాత్రం అంతా చెప్పాడు. స్తుతి ఆ నాలుగు రోజులూ అంబలి, టీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్కతో సహా ఆ ఒక్క సీసాతోనే కొలిచి ఇచ్చింది. ప్రేమమ్మ నాలుక ఎండిపోయి రెండుసార్లు కోడల్ని తిట్టింది. కానీ కొలత దాటలేదు. మంగళవారం పొద్దున ఎవరూ పిలవకుండానే చీర మార్చుకుని వచ్చి కూర్చుంది.

శామ్ డీజిల్ బండి తీశాడు. కావాలనే. అన్నిటికంటే చెడ్డ బండిలో చూడాలి.

తూకంలో రెండు కేజీలకు కాస్త తక్కువ చూపించింది. పద్మప్రియ అంకె రెండుసార్లు చదివింది.

"ఈసారి నిజమే చెప్పినానా పాపా?" అంది ప్రేమమ్మ.

"ముందు కూడా నిజమే చెప్పినావు అవ్వా. నేనే సరిగా అడగలే" అంది పద్మప్రియ.

ప్రేమమ్మ తనంతట తానే మంచం ఎక్కి చెయ్యి చాపింది.

తిరుగుదారిలో ఓర్వకల్లు పోయింది, పాణ్యం పోయింది. డీజిల్ బండి ఊగుతూ, వణుకుతూ, మోత పెడుతూ పోయింది. ఆమె తల వాల్చి నిద్రపోయింది. కోయిలకుంట్ల పొలిమేరలో స్పీడ్ బ్రేకరుకు లేచింది.

ఇంటి ముందు బండి ఆపి శామ్ దిగలేదు.

"బండి ఏది కొనల్లనో నువ్వే చెప్పల్ల మా" అన్నాడు.

"నా కడుపు కోసమైతే ఏదీ వద్దు."

"కడుపు కోసం గాదు. నువ్వు వారానికి రెండుసార్లు వస్తానంటే కరెంటు బండి. నువ్వు మంచం మీద ఉండే నాలుగు గంటలూ అది ఆడ్నే చార్జి అయితాది, ఇంటికాడ కరెంటుతో పనే లేదు. రానంటే దాంతో నాకు లాభం లే, పెట్రోలు బండి తీసుకుంటా. రెండిట్లో ఏది?"

ప్రేమమ్మ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది.

"శుక్రవారం ఎన్నింటికి బయల్దేరల్ల?" అంది.

శామ్ ఫోను తీసి ఎలక్ట్రిక్ షోరూము నంబరు కలిపాడు.