పెద్ద బైబిల్లో ఇంజనాయిలు

మా ఆయన దయానందం గారు రైల్వే లోకో షెడ్‌లో ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. అలాంటాయన తన కారు ఆయిలు ఇంకొకణ్ణి మార్చనిస్తారా? కారు వారంటీ పుస్తకాన్ని కూడా బైబిలు వాక్యం చదివినట్టే ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివారు. "వాళ్లు చెప్పిన ఆయిలు, కంపెనీ ఫిల్టరు వాడి, బిల్లులు దాచుకుని, తేదీలూ కిలోమీటర్లూ రాసుకుంటే చాలు జీవమణీ. ఇంట్లో చేసుకున్నా వారంటీ పోదు" అన్నారు. అప్పట్నుంచి అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంటు సెల్లారే ఆయన షెడ్డు. నేనెంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మూడో ఏడు ఇంజన్లో టకటకమని చప్పుడు మొదలైంది. పంజాగుట్ట షోరూమ్‌కి తీసుకెళ్లాం. మరమ్మతు మా చేతి డబ్బుతో అయితే కారు అమ్ముకోవాల్సిందే. సర్వీస్ మేనేజర్ విజయేందర్ మర్యాదస్తుడే.

"ఆయిల్ పంపు పోయింది సార్. కాని మీరు సర్వీసుకు ఒక్కసారి సుత రాలే. బిల్లులున్నయ్, మంచిదే. ఎప్పుడు మార్చిన్రు, ఎన్ని కిలోమీటర్లకు మార్చిన్రు, గది రాసి ఉండాలె. లేకుంటే కంపెనీ ఒప్పుకోదు."

"రాశాను. రేపు తెస్తాను" అన్నారు ఈయన.

మర్నాడు కౌంటరు మీద సంచిలోంచి తీసింది చూసి నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంటి పెద్ద బైబిలు! మామగారి కాలం నుంచి పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసుకునే మొదటి పేజీలు తెరిచారు. మా అమ్మాయి లోయిస్ పెళ్లి తేదీ కిందే, 'ఇంజనాయిలు మార్చబడెను, 9,870 కి.మీ.' అని ఉంది.

"మీకు నోటుబుక్కే దొరకలేదా?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"నోటుబుక్కయితే నువ్వు పాతపేపర్లవాడికి వేసేస్తావు. అదీగాక, ఇందులో అబద్ధం ఎవడు రాస్తాడు?"

విజయేందర్ చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. బైబిలు కళ్లకద్దుకుని, ఒక్కో తేదీ బిల్లుతో సరిచూడసాగాడు. మధ్యలో ఆగి నా వైపు చూశాడు.

"అమ్మా, మీ పేరు సుత ఉన్నది." పైకి చదివాడు. "'ఆయిలు మార్చబడెను, 28,940 కి.మీ. టార్చి పట్టినది జీవమణి. ఆమెకు జ్వరము. అయినను కదలక నిలిచెను.'"

ఆ జ్వరం సంగతి నేనే మర్చిపోయాను. ఆ రోజంతా ఈయన్ని తిట్టడమే గుర్తుంది. ఈ మనిషి మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. షోరూమ్ అని కూడా చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

విజయేందర్ పేజీలన్నీ ఫోటోలు తీసి కంపెనీకి పంపాడు. సాయంత్రానికి ఒప్పుకున్నామని జవాబొచ్చింది. ఫారం నింపుతూ అడిగాడు. "సర్వీస్ చేసినవారు అని ఉన్నది. సార్ పేరు రాయాల్నా?"

ఈయన తలూపబోయారు.

"ఇద్దరి పేర్లూ రాయి బాబూ" అన్నాను నేను.