అల్లం దంచే రాయి

పునాది పరీక్షకు వేసిన మూడో బోరులో రాయి నాసిదని తేలింది. అందుకని వంతెన స్తంభాన్ని కాస్త ఎగువకు జరపాలని మా పెద్ద ఇంజనీరు నిర్ణయించారు. ఎగువన, సరిగ్గా స్తంభం పడే చోట, మా పిన్ని టీకొట్టు ఉంది. ఆమెకు ఇల్లూ అదే.

నాసి అని లెక్క కట్టింది నేనే. యంత్రం భూమిలోంచి గుండ్రటి రాతి కడ్డీలను పైకి తీస్తుంది. వాటిని లోతు వరసలో చెక్కపెట్టెలో పేరుస్తారు. పది సెంటీమీటర్లకు తగ్గని ముక్కల పొడవులన్నీ కూడి, తవ్విన పొడవులో అది నూటికి ఎంతో చూడాలి; ఎంత ఎక్కువైతే రాయి అంత గట్టిది. పెట్టెలో ఖాళీ ఉంటే అక్కడి రాయి పొడై నీళ్ళలో కొట్టుకుపోయిందని అర్థం. నేను అవతలి ఒడ్డు పని చూసుకుని వచ్చేసరికి ఈ పెట్టెలో ముక్కల కంటే ఖాళీలే ఎక్కువగా ఉన్నాయి. నూటికి ముప్పై ఎనిమిది వచ్చింది.

సంతకం కోసం పెద్ద ఇంజనీరు గదికి వెళ్ళాను. నా లెక్క కాగితం ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా జానెడు పైన పొడవున్న రాతి కడ్డీ ఒకటి కాపలా కాస్తోంది. దానికి వార్నిష్ కూడా పూశారు.

"ఇదెక్కడిది సార్?"

"మూడో బోరుదే. డ్రిల్లరు ఇచ్చాడు. ఎంత దిట్టంగా ఉందో చూడు."

"దీన్నే మనం నాసి అంటున్నాం సార్."

ఆయన రాయిని చూశారు, కాగితాన్ని చూశారు. "ఇదొక్కటే మంచిదేమో," అన్నారు.

రెండోది లెక్కల గుమస్తా గదిలో తలుపుకు అడ్డంగా దొరికింది. బయట యంత్రం నడిపే డ్రిల్లరును నిలదీశాను.

"అడిగినవాళ్ళకి పొట్టివి ఇస్తే ఏం బాగుంటుందమ్మా? మంచివే ఏరి ఇచ్చాను," అన్నాడు. "మీ పిన్నిగారికీ ఒకటిచ్చాను."

పిన్ని దాంతోనే అల్లం దంచుతోంది.

"పిన్నీ, ఆ రాయి ఇచ్చెయ్యి."

"ఇచ్చేసి నీ తలతో దంచుకోనా?"

"అది పెట్టెలో లేదనే నీ కొట్టు తీసేస్తున్నారు."

"నా చేతిలో ఉన్న రాయి పెట్టెలో లేదని కొట్టు తీసేస్తారా? ఏ తలమాసినవాడు కట్టాడే ఆ లెక్క?"

"నేనే."

పిన్ని దంచడం ఆపింది.

"వేరే రాయి తెచ్చిస్తాను," అన్నాను.

"ఏ రాయైతేనేం అనుకోకు. ఇది చేతికి అలవాటైంది." అంటూనే కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

పెట్టె ముందుకు పెద్ద ఇంజనీరు కూడా వచ్చారు. "పిన్ని కొట్టు అనేసరికి రాయి గట్టిపడిందన్నమాట," అన్నారు.

నేను అల్లం వాసన కొడుతున్న ముక్కను దాని ఖాళీలో పెట్టాను. విరిగిన గాజుపెంకుల్లా అంచుకు అంచు అతికింది. గుమస్తా ముక్కా అంతే. మిగిలిన ఖాళీని ఆయన చాలాసేపు చూశారు. తర్వాత తన గదికి వెళ్ళి, వార్నిష్ ముక్క తెచ్చి, ఎవరికీ ఇవ్వకుండా తానే పెట్టారు. అదీ అతికింది.

నూటికి ఎనభై మూడు. మంచి రాయి. స్తంభం మొదట అనుకున్న చోటే పడుతుంది. కొత్త కాగితం మీద సంతకం చేసి, దాని మీద ఏం పెట్టాలో తోచక, ఆయన అరచేత్తో అదిమిపట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు పెద్ద ఇంజనీరు కొట్టులో టీ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించారు. "టీలో ఘాటు లేదేంటమ్మా?"

"మీ వంతెన నిలబెట్టడానికి పోయింది బాబూ," అంది పిన్ని. ఆమె గరిటె కాడతో అల్లం చితక్కొడుతోంది.

ఆయన గ్లాసు చేత్తో పట్టుకునే నాలుగో బోరు దగ్గరికి నడిచారు. అక్కడ అప్పుడే పొడుగాటి ముక్క ఒకటి పైకొచ్చింది. డ్రిల్లరు దాన్ని తుడిచి ఆయన వైపు చూశాడు. ఆయన కొట్టు వైపు చూశారు.

నేను ముక్క అందుకుని పెట్టెలో పెట్టి, మూతేసి, దాని మీద కూర్చున్నాను.