తెలివికి ట్యూషన్

తెలివితేటల పరీక్షకు కూడా ట్యూషన్ చెప్పిన మహాతల్లి మైథిలి. ఆమెను చూసి నవ్వకండి. వాళ్లింట్లో పరీక్ష అంటే ర్యాంకే మరి.

ఫిట్స్‌కి మందు మొదలుపెట్టాక ఆమె కూతురు, ఎనిమిదేళ్ల అనూహ్య మందగించింది. నోటిదాకా వచ్చిన మాట కోసం తడుముకునేది, వచ్చిన ఎక్కాలే మర్చిపోయేది. అది మందు వల్లేనా, మరేదైనానా తేల్చడానికి డాక్టరు ఈ పరీక్ష చేయించమని చీటీ రాశారు. మైథిలి చెవికి మాత్రం "మీ పిల్ల మొద్దా, కాదా" అన్నట్టే వినబడింది. అంతే, దేశ రాజధానిలో, ద్వారకలోని తమ ఫ్లాట్‌లో తలుపేసుకుని, నెట్‌లో దొరికిన నమూనాలన్నీ ముందేసుకుంది. రంగు దిమ్మలు పేర్చడం, అంకెలు వెనక నుంచి చెప్పడం పిల్లచేత వల్లె వేయించింది. పిల్ల ఏడిస్తే, "బాగా చేశావంటే ఆ మందు గోలీ మానిపించేస్తారమ్మా" అని ఆశపెట్టింది.

ఆస్పత్రిలో పరీక్ష పెట్టిన సైకాలజిస్టు ఛాయాదేవి రాజమండ్రి మనిషి. పిల్ల చురుగ్గానే ఉందనీ, మందు ప్రభావం కనబడటం లేదనీ, అదే మోతాదు కొనసాగించవచ్చని డాక్టరుకు రాస్తాననీ చెప్పింది. మైథిలికి ప్రాణం లేచొచ్చింది.

గుమ్మం దాటుతుంటే అనూహ్య తల్లి చున్నీ లాగింది.

"మమ్మీ, అబ్ గోలీ బంద్ హోగీ నా?"

ఇక గోలీ ఆగిపోతుందనే పిల్ల ఆశ. బాగా చేసినందుకే బిడ్డ ఆ గోలీ ఇంకా మింగాలి. తన పరువు కోసం ఆ పని చేసింది తనే. సిగ్గుతో చచ్చిపోతూ వెనక్కి వెళ్లింది.

"మేడమ్, అవన్నీ ఇంట్లో నేనే బట్టీ పట్టించానండీ," అంది.

తిడుతుందనుకుంది. ఛాయాదేవి కుర్చీ చూపించింది.

"రానిది దాచేస్తే నేనేం చూస్తానమ్మా? జ్వరం చూడమని, థర్మామీటరు చన్నీళ్లలో ముంచి ఇచ్చినట్టుంది."

వేరే రకం పరీక్ష ఉందనీ, వచ్చే వారం పెడదామనీ, ఈసారి పిల్లకి కంటినిండా నిద్ర ఉంటే చాలనీ చెప్పి పంపింది.

ఆ వారం దిమ్మలు అటకెక్కాయి. రెండో పరీక్షకు మైథిలిని గది మూల కూర్చోనిచ్చారు. మొదటి చిక్కు ప్రశ్నకే అనూహ్య బెదురుగా తల్లి వంక చూసింది.

"రాకపోతే రాదని చెప్పెయ్ నాన్నా. నేనేమీ అనను."

"నహీ ఆతా, ఆంటీ," అంది పిల్ల. ఆ పూట ఆ మాట చాలాసార్లు అంది. అన్న ప్రతిసారీ మైథిలి కళ్లు తుడుచుకుంటూనే తలూపింది.

ఆ రాని జవాబులు చూసే డాక్టరు మందు మార్చారు.