లేచి నడిచిన మనిషి

పానకాలు ఆసుపత్రి మంచాన్ని బోర్లించి, దాని కోళ్ళకు ఫినాయిలు రాసి రుద్దుతున్నాడు. ఆ తరువాత పసుపు నీళ్ళు. తలవైపు ఎత్తే హ్యాండిల్‌కు నాలుగు చుక్కల నూనె. ముప్ఫై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్న కాళ్ళవి. లేచినప్పుడల్లా మోకాళ్ళు టక్కుమంటాయి.

చీరాల సేవాసమితికి ఇలాంటి మంచాలు నాలుగే. ఆసుపత్రి ఇక ఇంటికి తీసుకెళ్ళమన్న రోగులకు ఉచితంగా ఇస్తారు. రిక్షాలో వేసి చేర్చడం, మళ్ళీ తేవడం పానకాలు పని. దించగానే ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న.

“దీని మీద ఎవరైనా పోయారా?”

“లేదమ్మా. లేచి నడిచి వెళ్ళారు.”

అబద్ధం. ఇన్నేళ్ళలో లేచినవాళ్ళు లేరు.

ఆ ఉదయం సమితి కార్యదర్శి వేణుగోపాల్ వెంట ఫౌండేషన్ నుంచి మాధవీలత వచ్చింది. రెండు జిల్లాల దాతలు కలిసి పెట్టిన ఫౌండేషన్ అది. బడులకు, అంబులెన్సులకు, మంచినీళ్ళకు సాయం చేస్తుంది. ఈసారి పది కొత్త మంచాలు ఇచ్చే ఆలోచనలో ఉంది. మంచం దొరకని రోగులు చాపల మీద ఒళ్ళు పుండ్లు పడి ఎదురుచూస్తున్నారు.

“పానకాలు గారూ, చాలామంది కోలుకున్నారట కదా? ఒక్కరిని చూపించండి. ఫోటో చూస్తే మా దాతలు వెంటనే ఒప్పుకుంటారు.”

“ఊరంతా అదే మాట మేడమ్!” అన్నాడు వేణుగోపాల్ గర్వంగా. అతనూ నమ్మాడు.

“శివపార్వతని ఒకామె ఉంది మేడమ్,” అన్నాడు పానకాలు. “మీరు టీ తాగి రండి. నేను ముందు వెళ్తాను.”

రిక్షా గబగబా తొక్కుకుంటూ శివపార్వతి ఇంటికి చేరాడు. ఒళ్ళంతా నీరు పట్టి, సమితి మంచం మీద కదల్లేక పడుకుని ఉందామె. మంచం కింద కొత్త చెప్పులు. పానకాలు ఆ మంచం దించి తన మామూలు మాట చెప్పిన రోజే కొడుకు చేత కొనిపించింది.

“వదినా, తప్పయిపోయింది. నేను చెప్పింది అబద్ధం. దీని మీంచి ఎవరూ లేవలేదు.”

“తెలుసులేరా. నీ అంకమ్మ పోయింది ఈ మంచం మీదే కదా. పక్కనే ఉన్నాగా నేను.”

పానకాలు గడప మీద కూలబడ్డాడు. భార్య పోయాక ఆ మంచాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పై ఊరి మనిషెవరో దీని మీద ఎవరైనా పోయారా అని అడిగితే, లేచి పుట్టింటికి నడిచి వెళ్ళిందన్నాడు. అన్న ఆ క్షణం అంకమ్మ నిజంగానే నడిచినట్టనిపించింది. అప్పటినుంచి ఆమెను ఇల్లిల్లూ నడిపిస్తూనే ఉన్నాడు.

“మరి చెప్పులెందుకు కొనిపించావు?”

“అంత నమ్మకంగా చెబుతుంటే కాదనబుద్ధి కాలేదు.” ఆమె కోడలి వైపు తిరిగింది. “మల్లేశ్వరీ, జరీ అంచు చీర తియ్యవే.”

“పడతావత్తయ్యా!”

“పడితే మంచముందిగా!”

బయట కారు ఆగింది. పానకాలు, కోడలు చెరోవైపు పట్టుకుని గుమ్మందాకా తెచ్చారు. శివపార్వతి ద్వారబంధం పట్టుకుంది.

“చేతులు తియ్యండి. ఫోటోలో మీరెందుకు?”

ఒక అడుగు. వాకిట్లో ఇసుక మీద ఇంకో అడుగు. మాధవీలత ఫోటో తీసింది. “భలే నడుస్తున్నారమ్మా!”

“శివరాత్రికి కోటప్పకొండ ఎక్కుతా. నువ్వూ రా!”

కారు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది. ఆ తరువాత పానకాలు భుజం మీద వాలిపోయింది.

సాయంత్రం వేణుగోపాల్ ఫోను చేశాడు. పది మంచాలూ ఖాయమట. పానకాలు ఫోను జేబులో పెట్టుకునేలోపే మళ్ళీ మోగింది. శివపార్వతి కొడుకు రాము.

“బాబాయ్, మంచం తీసుకెళ్ళు.”

ఆ మాట విన్నాక పానకాలు ఎప్పుడూ కారణం అడగడు.

మంచం అప్పటికే వాకిట్లో వేసి ఉంది. లోపల ఏడుపులు. మల్లేశ్వరి ముక్కు తుడుచుకుంటూ వచ్చి చెప్పులు కూడా రిక్షాలో పడేసింది.

షెడ్డు దగ్గర పసుపు నీళ్ళు పోస్తుంటే ఒకావిడ వచ్చి నిలబడింది. భర్త చాప మీద ఉన్నాడట.

“దీని మీద ఎవరైనా పోయారా అన్నా?”

ఎప్పుడూ తడుముకోని మనిషి ఈసారి తడుముకున్నాడు. మంచం వైపు కాక రిక్షా వైపు చూశాడు.

“లేచి... నడిచిందమ్మా.”

రిక్షా చెక్క మీద కొత్త చెప్పుల జత బోర్లా పడి ఉంది. అడుగున రెండింటికీ ఇసుక.